ఎడమచేతి విలువ ఎంత?

శివారు రోడ్డు మీద విరిగిన బతుకుకు పరిహారం ఎంతన్నది చాలావరకు మొదటి వారంలోనే తేలిపోతోంది

కూకట్‌పల్లి నుంచి పటాన్‌చెరు దాకా ముంబయి హైవే పేరుకే జాతీయ రహదారి. లారీకి అది దూరాభారం తగ్గించే దారి. పక్క కాలనీవాళ్లకు బజారు, బస్టాపు, పొద్దున్నే కూలీలు గుమిగూడే అడ్డా. నగరం ఊళ్లను కలుపుకుంటూ పెరిగినచోట ఒకే రోడ్డుకు ఇన్ని పనులు అప్పజెప్పాం కాబట్టి, ప్రమాదాలన్నిటినీ డ్రైవర్ల దుడుకుతనం కింద జమకట్టలేం. 2022లో దేశంలోని రోడ్లు 1,68,491 ప్రాణాలు తీశాయి, గాయపడినవాళ్లు 4.43 లక్షల పైమాటే. ప్రాణం దక్కి పని పోయినవాళ్లకు మిగిలే ఆసరా మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్. అక్కడ తీర్పు రావడానికి ఏళ్లు పట్టొచ్చు. కానీ ఆ తీర్పులోని అంకెను ప్రమాదం జరిగిన తొలి రోజుల్లో పుట్టిన కాగితాలు, పుట్టని కాగితాలు ముందే నిర్ణయిస్తాయి.

మియాపూర్ అడ్డా మీద నిలబడే 34 ఏళ్ల తాపీమేస్త్రీకి కారు గుద్ది ఎడమచెయ్యి పోయిందనుకుందాం. డాక్టరు 60 శాతం వైకల్యం రాస్తాడు. రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది: చూడాల్సింది శరీరంలో ఎంత పోయిందని కాదు, సంపాదనలో ఎంత పోయిందని. ఎడమచెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం నిలవొచ్చు. వడ్రంగికి దాదాపు నూరు శాతం నష్టమే. ఒక చేత్తో ఇటుక, ఇంకో చేత్తో తాపీ పట్టాల్సిన మేస్త్రీదీ అదే పరిస్థితి. నెలకు 20 వేల సంపాదన రుజువైతే, భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపి, ఏడాది లెక్క కట్టి, ఆ వయసుకు వర్తించే గుణకం 16తో హెచ్చిస్తే 53.76 లక్షలు. రుజువు లేక ట్రైబ్యునల్ 12 వేలుగా అంచనా వేసి, వైకల్యాన్ని 60 శాతం దగ్గరే ఆపితే 19.35 లక్షలు. అదే మనిషి, అదే చెయ్యి. తేడా 34 లక్షలు. మేస్త్రీకి జీతం చీటీ ఉండదు. ఫోన్‌పే లెక్కలు, కాంట్రాక్టరు సాక్ష్యం, కార్మిక శాఖ కార్డు ఆస్పత్రి మంచం మీది మనిషికి ఎవరు పోగుచేసిపెట్టాలి?

చట్టం దీనికి జవాబు చెప్పింది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రైబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే పరిహారం దరఖాస్తుగా తీసుకోవచ్చు. దీనికోసం స్టేషన్లలో ప్రత్యేక విభాగాలు పెట్టమని సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రాలను ఆదేశించింది. ఈ పని సక్రమంగా జరగనిచోట రోడ్డు పక్క రాజీలు రాజ్యమేలుతాయి. నాలుగు నోట్లు చేతిలో పెట్టి “కేసెందుకన్నా” అనగానే బండి నంబరు కూడా నమోదు కాకుండా పోతుంది.

పరిహారం ఇంత ఉదారంగా ఇస్తే దొంగ క్లెయిములు పెరిగి, ఆ భారం అందరి ప్రీమియం మీదా పడుతుందన్న అభ్యంతరం ఉంది. దొంగ క్లెయిములు ఉన్నమాట నిజమే. అయితే వాటికి ఊపిరి పోసేది ఆలస్యమే: నెలల తర్వాత బీమా ఉన్న ఏదో బండిని కేసులోకి దించడానికి అప్పుడే వీలు చిక్కుతుంది. 48 గంటల్లో నంబరు, ఫొటోలు, గాయాల వివరాలు నమోదైతే నిజమైన బాధితుడికి ఎంత మేలో మోసగాడికి అంత చిక్కు. అడ్డదిడ్డంగా రోడ్డు దాటినవాడి తప్పు లేదా అన్నది రెండో ప్రశ్న. ఉంటే ట్రైబ్యునల్ ఆ మేరకు కోత పెడుతుంది. తప్పెవరిదో తేల్చకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు ఇచ్చే సెక్షనూ చట్టంలో ఉంది. పైగా దాటే చోటు చూపించని రోడ్డు మీద దాటినవాడినే దోషిని చేసేముందు ఆ రోడ్డు ఎలా వేశారో కూడా అడగాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. కానిస్టేబులు ఆస్పత్రి మంచం దగ్గర మరో పది నిమిషాలు కూర్చుని, వృత్తి అన్న గడిలో అలవాటుగా “కూలీ” అని రాయకుండా “తాపీమేస్త్రీ” అని రాస్తే చాలు, లెక్క అక్కడే మారడం మొదలవుతుంది.