షేర్డ్ ఫోల్డర్ ఎందుకు మొరాయిస్తుంది? రద్దీ వేళ లోపం ఎక్కడ వెతకాలి

నిజనిర్ధారణ బృందాలు తెచ్చిన వాంగ్మూలాలు, ఫొటోలు, ఎఫ్‌ఐఆర్ కాపీలు ఇవాళ చాలా సంఘాల ఆఫీసుల్లో ఒకే కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటున్నాయి. పది మంది పనిచేస్తే సాఫీగా నడిచే ఆ ఫోల్డర్, పాతిక మంది కూర్చున్న రోజున తెరుచుకోదు. అట్రాసిటీ కేసుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయడానికి నిబంధనలు పెట్టిన గడువు 60 రోజులు. ఈలోగా దర్యాప్తు అధికారికి ఆధారాలు అందించాల్సిన వాళ్లకు ఒక్క పూట పని ఆగినా నష్టమే.

అలాంటప్పుడు సాధారణంగా 'నెట్ స్లోగా ఉంది' అంటాం. లేదంటే చివరగా వచ్చిన కార్యకర్త పాత ల్యాప్‌టాప్‌ను తప్పుపడతాం. రెండూ తొందరపాటే. ఒకే గదిలోని కంప్యూటర్ల మధ్య ఫైళ్లు కదలడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. రద్దీలో షేరింగ్ ఆగిందంటే ఎక్కడో ఒక పరిమితి దాటామని అర్థం. అది ఏదో తేలేదాకా ఏదీ కొనొద్దు, ఏదీ మార్చొద్దు.

ముందుగా చూడాల్సింది: ఆగింది ఎవరికి?

కొత్తవాళ్లకే ఆగిందా?

అప్పటికే పనిచేస్తున్న వాళ్లకు ఇబ్బంది లేకుండా కొత్తగా వచ్చిన వాళ్లకే ఫోల్డర్ తెరుచుకోకపోతే, కనెక్షన్ల సంఖ్యను అనుమానించాలి. మామూలు విండోస్ 10, 11 కంప్యూటర్‌ను సర్వర్‌లా వాడితే ఒకేసారి 20 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. ఇరవై ఒకటో మనిషి ల్యాప్‌టాప్ ఎంత కొత్తదైనా బయటే ఉండాలి. ఖాళీగా ఉన్న కనెక్షన్లను విండోస్ మామూలుగా 15 నిమిషాల తర్వాత తెంచుతుంది. అందుకే సమస్య 'దానంతటదే పోయినట్టు' కనిపించి మళ్లీ వస్తుంది. సర్వర్‌లోని కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో 'షేర్డ్ ఫోల్డర్స్' కింద 'సెషన్స్' తెరిస్తే ఎవరెవరు కనెక్ట్ అయ్యారో తెలుస్తుంది. సంఖ్య నిజంగానే 20 దాటుతుంటే లైనక్స్‌పై సాంబా పెట్టుకోవచ్చు. 1992 నుంచి అభివృద్ధి అవుతున్న ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఖర్చు లేదు, ఈ 20 గీత కూడా లేదు.

అందరికీ నెమ్మదించిందా?

అప్పుడు సర్వర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, రద్దీ ఉన్న సమయంలోనే డిస్క్, మెమరీ, నెట్‌వర్క్ మూడింటినీ చూడాలి. డిస్క్ 100 శాతం దగ్గరే నిలిచిపోయి, నెట్‌వర్క్ ఖాళీగా ఉంటే ఇరుకు డిస్క్‌లోనే ఉంది. పాత హార్డ్ డిస్క్ ఒక పెద్ద వీడియోను వేగంగానే ఇస్తుంది. పదిమంది పది మూలల్లోని చిన్న ఫైళ్లు అడిగితే దాని ముల్లు అటూ ఇటూ తిరగడానికే సమయమంతా పోతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు కాబట్టి ఈ తంటా తక్కువ. యాంటీవైరస్ పూర్తి స్కాన్ పగలే నడుస్తుంటే దాన్ని రాత్రికి మార్చండి.

డిస్క్ తీరికగా ఉండి నెట్‌వర్క్ నిండిపోతే తీగను చూడాలి. సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 బదులు 100 మెగాబిట్లు అని ఉందా? గిగాబిట్‌కు కేబుల్‌లోని 8 తీగలూ పనిచేయాలి, 100కు నాలుగు చాలు. ఒక తీగ చెడినా వేగం చాలాసార్లు చప్పుడు లేకుండా 100కు పడిపోతుంది. అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఒక్కొక్కటి 1 జీబీ ఉన్న వీడియోలను పదిమంది ఒకేసారి లాగితే కనీసం 13 నిమిషాలు. అదే గిగాబిట్‌పై నిమిషంన్నర లోపే. పాత స్విచ్ కూడా ఇదే పని చేస్తుంది.

వైఫైలో ఉన్నవాళ్లకే ఆగిందా?

వైఫైలో గాలి ఒక్కటే, అందరూ వంతులవారీగా వాడుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ మిగతావాళ్ల వంతునూ తినేస్తుంది. వీడియోలు కాపీ చేసే ఒకరిద్దరిని కేబుల్‌కు మార్చితే మిగతావాళ్లకు ఊపిరాడుతుంది.

చేయకూడనివి

'ఎస్‌ఎంబీ1 ఆన్ చేస్తే సరిపోతుంది' అని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వైరస్ ఆ పాత పద్ధతిలోని లోపం గుండానే పాకింది. రౌటర్‌లో 445 పోర్టును బయటి ఇంటర్నెట్‌కు తెరవొద్దు. బాధితుల పేర్లు, చిరునామాలు ఉన్న ఫోల్డర్ అది.

ఫైళ్లు రాస్తుండగా సర్వర్‌ను రీస్టార్ట్ చేయొద్దు, సగం రాసిన ఫైలు చెడిపోవచ్చు. మెమరీ కార్డు నుంచి 'కట్' చేయకుండా 'కాపీ' చేయండి. సైజు సరిచూసి, ఫైలు తెరిచి చూశాకే, మరో డిస్క్‌లోనూ ఒక ప్రతి ఉందనుకున్నాకే కార్డు ఖాళీ చేయండి. వాంగ్మూలం ఇచ్చిన మనిషిని అదంతా మళ్లీ చెప్పమని అడగడం ఎంత కష్టమో మనకు తెలుసు.

చివరగా, సర్వర్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎప్పుడు ఆగింది, ఎంతమంది ఉన్నారు, ఏ సందేశం వచ్చింది అన్నవి రాయండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం కూడా అందులోనే రాయండి. నాలుగు రోజుల రాతలు పక్కపక్కన పెడితే లోపం ఎక్కడుందో మన మధ్య ఎవరైనా చెప్పగలరు.