పాత కారుకు కొత్త చేతిబలం

సైకిలు మీద మీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టండి. సైకిలు కదలకుండా పట్టుకొని, హ్యాండిలును అటూ ఇటూ తిప్పి చూడండి. ముందు టైరు నేలను రాచుకుంటూ మొరాయిస్తుంది. అదే సైకిలు నాలుగడుగులు నడుస్తుండగా తిప్పితే? చెప్పినట్టు వింటుంది. దొర్లే టైరుకు ఘర్షణ అడ్డురాదు. నిలబడ్డ చోటనే మెలిపడే టైరుకు మాత్రం అదే పెద్ద అడ్డంకి.

టన్నుకు పైగా బరువుండే కారులో ఈ కష్టం ఎంతటిదో ఊహించండి. అందుకే పాతకాలపు కార్లకు, లారీలకు స్టీరింగు చక్రాలు అంత పెద్దవిగా ఉండేవి. గునపం పొడుగైనకొద్దీ బండరాయి సులువుగా లేచినట్టే, చక్రం పెద్దదైనకొద్దీ తిప్పడం తేలిక. దీనికి తోడు, చేతిచక్రం ఇరవై డిగ్రీలు తిరిగితే టైరు ఒక్క డిగ్రీ తిరిగేలా పళ్ళచక్రాలు అమర్చేవారు. బలం కలిసివచ్చేది, కాని ఇరుకు సందులో బండి మళ్ళించాలంటే డ్రైవరు చక్రాన్ని గిరగిరా తిప్పుతూ ఉండవలసిందే!

అమెరికాలో పియర్స్ ఏరో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. ఇంజను నడిపే పంపు ఒకటి నూనెను ఊరికే గొట్టాలలో తిప్పుతూ ఉంటుంది. డ్రైవరు చక్రం తిప్పగానే కవాటం నూనె దారిని అడ్డగిస్తుంది. పీడనం పెరిగి, ముషలకం జరిగి, టైర్లను నెడుతుంది. 1926లో డేవిస్ దీన్ని ఒక కారుకు అమర్చి చూపించాడు. అయితే ఖర్చు ఎక్కువని కార్ల కంపెనీలు వెనుకాడాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో బరువైన సైనిక వాహనాలకు అది ఉపయోగపడింది. మామూలు కొనుగోలుదారులకు మాత్రం 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతోనే అందింది.

ఇప్పుడు పాత కారుకు పవర్ స్టీరింగు పెట్టాలనుకునేవారు చాలామంది పంపు, గొట్టాల జోలికి పోరు. పాత ఇంజను పక్కన వాటికి చోటు చూడడమే ఒక తంటా. విద్యుత్ మోటారు అయితే డాష్‌బోర్డు కింద దాగిపోతుంది. 1988లో జపానులో సుజుకి సెర్వో అనే బుల్లి కారుతో మొదలైన పద్ధతి ఇది. స్టీరింగు చక్రం నుంచి కిందికి దిగే కడ్డీలో సన్నని ముక్క ఒకటి ఉంటుంది. చక్రం తిప్పితే అది రవ్వంత మెలిపడుతుంది. ఆ మెలి ఎంతో, ఎటువైపో కొలిచి, మోటారు అంతకు తగిన సాయం అందిస్తుంది.

వినడానికి సులువే. అసలు చిక్కు కరెంటుతో వస్తుంది. కారు నిలిపి చక్రం తిప్పేటప్పుడు మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. పాత డైనమోలు చాలావరకు ఇరవై ఆంపియర్లకు అటూ ఇటూ ఇచ్చేవి, అదీ ఇంజను జోరుగా తిరిగితేనే. సరిగ్గా సాయం కావలసిన వేళ ఇంజను నెమ్మదిగా ఉంటుంది కదా! భారమంతా బాటరీ మీద పడుతుంది. అందుకని డైనమో తీసి ఆల్టర్నేటరు పెడతారు. మరొక విచిత్రం: అనేక బ్రిటిష్ పాత కార్లలో బాటరీ ధన ధ్రువాన్ని కారు శరీరానికి కలిపేవారు. నేటి మోటారు పరికరాలకు రుణ ధ్రువమే కలిపి ఉండాలి. చూసుకోకుండా తగిలిస్తే పరికరం కాలిపోగలదు.

అన్నిటికంటె ముఖ్యం ఆ కడ్డీ. చాలా కార్లలో దాన్ని కోసి, మోటారు చేర్చి, మళ్ళీ అతికించాలి. ఆ అతుకు విడిపోతే టైర్లకు, డ్రైవరు చేతులకు సంబంధమే ఉండదు. ఇది వీధి చివరి వెల్డింగు దుకాణంలో చేయించే పని కాదు. మోటారు ఆగిపోయినా చేతిబలంతో కారు తిరగాలి. మలుపు దాటాక చక్రం తనంతట తాను నిటారుకు రావాలి. మోటారు రాపిడి ఎక్కువైతే ఈ గుణం మందగిస్తుంది.

మన దేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే కాపాడుకుంటూ వచ్చిన వాహనమే వింటేజి వాహనం. అందుకే తెలిసిన మెకానిక్కులు పాత కడ్డీ జోలికి వెళ్ళరు. దానికి నూనె రాసి, గుడ్డ చుట్టి యజమానికి అప్పగిస్తారు. మోటారుతో కూడిన కొత్త కడ్డీని విడిగా తయారుచేసి, పాత మరలున్న చోటనే బిగిస్తారు.