అల్గార్వె గోల్ఫ్ మైదానాలు

అల్గార్వె పోర్చుగల్ దేశపు దక్షిణ తీరప్రాంతము. ఎండకాసే రోజులు ఎక్కువగా ఉండుట వలన గోల్ఫ్ విహారయాత్రలకు ప్రసిద్ధి చెందినది. ఇక్కడి తొలి మైదానమైన పెనీనా 1966లో ప్రారంభమైనది. ఆంగ్ల క్రీడాకారుడు హెన్రీ కాటన్ దీనిని వరి పండే చిత్తడి నేలలో రూపొందించి, నీరు పీల్చుకొనుటకు వేలాది చెట్లు నాటించాడు. (వరి మడులు గోల్ఫ్ మైదానమగుట మనకు వింతే!) నేల సమతలము కనుక నడక సులభము. 1969 నాటి విలమోరా ఓల్డ్ కోర్సులో పైన్ చెట్ల నడుమ దారులు ఇరుకు. బంతిని తిన్నగా కొట్టలేనివారికి అది తగదు. వాలె దు లోబు రాయల్ కోర్సు 16వ రంధ్రము వద్ద బంతిని సముద్రపు కొండచరియల మీదుగా కొట్టవలెను. కనుక పేరు కంటె తన నేర్పును చూచుకొని మైదానాన్ని ఎంచుకొనుట మేలు.

వేసవి ఎండలు తీవ్రము. వసంత, శరదృతువులు అనుకూలము. 2024లో కరవు వలన ప్రభుత్వము ఇక్కడ నీటి వాడకముపై ఆంక్షలు విధించినది. కొన్ని మైదానాలను శుద్ధిచేసిన మురుగునీటితో తడుపుతారు.