వదిలి పట్టే బ్రేకు

మంచు పేరుకున్న రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కితే కారు కంటే ముందే చక్రాలు ఆగిపోతాయి. కారు జారుకుంటూ పోతుంది. స్టీరింగ్ ఎటు తిప్పినా లాభం ఉండదు. దొర్లే టైరుకే బండిని పక్కకు మళ్లించే పట్టు ఉంటుంది. అందుకే పాతకాలం డ్రైవర్లు పెడల్ తొక్కుతూ, వదులుతూ నెట్టుకొచ్చేవారు. ఆ పనిని మనిషి కాలి కంటే వేగంగా చేసిపెట్టేదే ఏబీఎస్.

దీని అవసరం ముందు విమానాలకు వచ్చింది. తడి రన్‌వే మీద చక్రం బిగుసుకుంటే టైరు ఒకేచోట అరిగి పేలిపోయేది. 1950ల్లో బ్రిటన్‌లోని డన్‌లప్ కంపెనీ 'మాక్సారెట్' తెచ్చింది. అందులో ఎలక్ట్రానిక్స్ లేవు. విమానం చక్రంతో పాటు తిరిగే చిన్న ఫ్లైవీల్ ఉండేది. చక్రం హఠాత్తుగా మందగిస్తే, ఫ్లైవీల్ పాత ఊపులోనే తిరుగుతూ వాల్వును తెరిచేది, బ్రేకు సడలేది. 1966లో మాక్సారెట్ జెన్సన్ ఎఫ్ఎఫ్ కారులోకి వచ్చింది. ఆ కార్లు తయారైంది 320 మాత్రమే.

జర్మనీలో బాష్ కంపెనీ 1936లోనే ఇలాంటి పరికరానికి పేటెంట్ తీసుకుంది. కానీ చక్రం వేగాన్ని క్షణక్షణం లెక్కగట్టే ఎలక్ట్రానిక్స్ అప్పటికి లేవు. డిజిటల్ చిప్‌లు వచ్చాకే నమ్మదగిన పరికరం తయారై, 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో అమ్మకానికి వచ్చింది. చక్రం దగ్గరి సెన్సార్ వేగం చెబుతుంది. బిగుసుకునే సూచన కనబడగానే కంట్రోల్ యూనిట్ ఆ చక్రం బ్రేకును సడలించి, మళ్లీ బిగిస్తుంది. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది.

దీని అసలు పరీక్ష ఉత్తర స్వీడన్‌లోని ఆర్యెప్లోగ్ దగ్గర, గడ్డకట్టిన సరస్సుల మీద, ఒడ్డునున్న ట్రాకుల మీద జరుగుతుంది. ఒకవైపు చక్రాలు మంచు మీద, రెండోవైపువి తారు మీద ఉండగా బ్రేకు తొక్కుతారు. పట్టు ఉన్న వైపుకు కారు గిర్రున తిరగకూడదు.

ఏబీఎస్ పనిచేస్తుంటే పెడల్ పాదం కింద అదురుతుంది. అమెరికాలో తొలి చలికాలం చూసే మనవాళ్లు ఆ అదురుకు కంగారుపడి కాలు తీసేస్తే ప్రమాదం. అదురుతున్నా నొక్కే ఉంచి, అడ్డున్నదాన్ని తప్పించేలా స్టీరింగ్ తిప్పాలి.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. తొలకరి చినుకులకు జారే మన రోడ్ల మీదా అది పనికొస్తుంది. అయితే రోడ్డులో లేని పట్టును ఏ యంత్రమూ పుట్టించలేదు. వదులు మంచులోనైతే బిగుసుకున్న చక్రం ముందు మంచు కుప్పపడి కారును ఆపుతుంది. ఏబీఎస్ ఉంటే ఆ కుప్ప పడక, కారు ఇంకాస్త దూరం పోవచ్చు. ముందు బండికి ఎంత ఎడం ఉంచాలో తేల్చుకోవాల్సింది డ్రైవరే.