గోలు పడిన తరువాత

యౌవనస్థులారా, మీ ఇంట్లో ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఉన్నదా? 1993లో ‘ఫిఫా’ పేరుతో మొదలైన ఆ ఆట 2023 నుండి ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ’ అనే పేరుతో వస్తున్నది.

మొన్న మా పిల్లలిద్దరూ ఆ ఆట ఆడుతున్నారు. చిన్నవాడు ముందుగా గోలు కొట్టాడు. పెద్దవాడి ముఖం ఎర్రబడింది. కాసేపటికే మరి రెండు గోల్స్ పడ్డాయి. “నీతో ఇక ఆడనురా!” అంటూ కంట్రోలర్‌ను మంచం మీదికి విసిరేశాడు. గెలిచిన చిన్నవాడు ఏడ్చాడు.

మొదటి గోలు తమ్ముడిది. తరువాతి రెండూ కోపం తెచ్చినవి. కోపంలో పరుగు బటన్ వదలకుండా నొక్కుతాము. బంతి కాలికి దూరమవుతుంది. వెనుక నిలువవలసిన డిఫెండర్‌ను ముందుకు లాగుతాము. అతడు వదిలిన ఖాళీలోనుండే ఎదుటివాడు దూరుతాడు. షాట్ బటన్ ఎక్కువసేపు అదిమిపడతాము. బంతి గోలుపోస్టు పైనుండి ఎగిరిపోతుంది.

కనుక గోలు పడగానే ఆటను కాసేపు ఆపండి. బటన్ల మీదనుండి వేళ్ళు తీసి, మెల్లగా ఊపిరి పీల్చి వదలండి. తిరిగి మొదలుపెట్టగానే దగ్గరి ఆటగాళ్ళకు మూడు నాలుగు చిన్న పాసులు ఇవ్వండి. చేతులు కుదుటపడతాయి. చూపు స్కోరు మీదనుండి బంతి మీదికి మళ్ళుతుంది. వరుసగా రెండు ఆటలు ఓడితే ఆ పూటకు చాలించండి.

తల్లిదండ్రులారా, ఆ సమయంలో కేకలు వేయకండి. గ్లాసెడు మంచినీళ్ళిచ్చి దగ్గర కూర్చోండి.

మా పెద్దవాడు సాయంత్రం మళ్ళీ ఆడాడు. మళ్ళీ ఓడాడు, ఒక్క గోలు తేడాతో. “ఇంకొకటి ఆడదామా, తమ్ముడూ?” అని ఈసారి తానే అడిగాడు.