బెంగ, జ్ఞాపకము, రేపు

హాస్టలులో క్రొత్తగా చేరిన బాలుడు మొదటి వారము అన్నము సరిగా తినడు. సాయంకాలము కాగానే ఇంటి అరుగు, అమ్మ పిలుపు, చెరువు గట్టు కన్నులలో మెదలును. దీనినే మనము బెంగ అందుము. ఇది వట్టి మనో దౌర్బల్యమా? దీనివలన ప్రయోజన మేమైనను కలదా?

పూర్వము వైద్యులు దీనిని రోగముగా ఎంచిరి. 1688లో యోహానెస్ హోఫర్ అను వైద్య విద్యార్థి స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున సమర్పించిన వ్యాసములో దీనికి ‘నాస్టాల్జియా’ అని పేరిడెను. గ్రీకు భాషలో ‘నోస్టోస్’ అనగా ఇంటికి మరలుట. ‘ఆల్గోస్’ అనగా నొప్పి.

నేటి శాస్త్రజ్ఞుల దృష్టి వేరు. అది బోధపడుటకు జ్ఞాపకము పనిచేయు తీరు తెలియవలెను. జ్ఞాపకము ఒక్కటి కాదని 1972లో ఎండెల్ టల్వింగ్ వివరించెను. గోదావరి త్ర్యంబకము వద్ద పుట్టుచున్నదని ఎరుగుట విషయ స్మృతి. మొదటిసారి గోదావరిలో దిగినపుడు కాళ్లక్రింద ఇసుక జారుట తలచుకొనుట అనుభవ స్మృతి. ‘నేను’ అను భావమునకు ఈ రెండవది ఆధారము.

కె.సి. అను పొడి అక్షరములతో ప్రసిద్ధుడైన కెనడా రోగికి 1981లో మోటారు సైకిలు ప్రమాదమున మెదడు దెబ్బతినెను. అతడు చదరంగ మాడగలడు, లోకవిషయములు చెప్పగలడు. కాని తన జీవితములోని ఒక్క సంఘటననైనను మరల అనుభవమునకు తెచ్చుకొనలేకపోయెను. విచిత్రమేమనగా, రేపు ఏమి చేయుదువని టల్వింగ్ అడుగగా అతనికి ఏమియు తోచలేదు. నిన్నతోపాటు రేపును పోయినది!

2007లో లండనులో డెమిస్ హసాబిస్, ఎలినార్ మగ్వైర్ మొదలగువారు మెదడులోని హిప్పోకాంపస్ అను భాగము చెడినవారిని పరీక్షించిరి. సముద్రతీరమున పడుకొన్నట్లు ఊహింపుమనగా, వారిలో ఎక్కువమంది తునకలు తప్ప పూర్తి దృశ్యమును కల్పింపలేకపోయిరి.

కారణమేమి? మెదడు జ్ఞాపకమును ఫోటోవలె దాచదు. తలచుకొన్నప్పుడెల్ల తునకలను మరల కూర్చుకొనును. ఆ తునకలనే మరొక విధముగా కూర్చిన రేపటి చిత్రమగును. గాదెలోని నిరుటి ధాన్యమే కదా ఈ ఏటికి విత్తనము!

తీయని పూర్వస్మృతులను తలచుకొనినవారిలో భవిష్యత్తుపై ఆశ పెరిగినట్లు ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిరి. అయితే ఒక జాగ్రత్త అవసరము. మరల కూర్చునపుడు రంగులు మారును. కనుక “మా కాలములో అంతయు బాగుండెను” అనుమాట చరిత్రకు సాక్ష్యము కానేరదు. గతమును విత్తనముగా వాడుకొనవలెను గాని, దానిలోనే కాపురముండరాదు.

బెంగపడిన విద్యార్థిని ఉపాధ్యాయుడు గద్దింప పనిలేదు. ముందు ఇంటిని గురించి అడుగవలెను. పిమ్మట, సెలవులకు వెళ్లి ఏమేమి చేయదలచితివో వ్రాయుమనవలెను. ఆ బాలుడు వ్రాయునది బెంగయే. కాని అది అప్పటికే రేపటివైపు తిరిగియుండును.