పొగబండికి ఆఖరి ఫొటోలు

రైలును చూస్తూ నిలబడిపోవడం పిల్లల సరదా అనుకుంటాం. ఆ సరదాతోనే చరిత్రకు మేలు చేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. న్యూయార్కులో ప్రకటనలకు ఫొటోలు తీసి బతికిన విన్‌స్టన్ లింక్.

1955 నాటికి అమెరికాలో పెద్ద రైల్వేలన్నీ దాదాపు డీజిలుకు మారిపోయాయి. వర్జీనియా వైపు నడిచే నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ మాత్రం ఇంకా ఆవిరినే నమ్ముకుని ఉంది. ఆ కంపెనీ అనుమతితో, సొంత ఖర్చుతో, లింక్ అయిదేళ్లు ఆ దారుల వెంట తిరిగాడు.

పేరుపడ్డ ఆయన ఫొటోలు రాత్రి తీసినవి. ఎందుకంటారా? సూర్యుణ్ణి మన ఇష్టం వచ్చిన చోట నిలబెట్టలేం గదా! పట్టాల పక్కన ఫ్లాష్ బల్బులు వరసగా అమర్చి, తీగలతో కలిపి, బండి రాగానే ఒక్కసారిగా వెలిగించేవాడు. ఒకసారి వెలిగిన బల్బు మళ్లీ పనికిరాదు. క్షణం తప్పితే శ్రమంతా వృథా.

నాకు మరీ నచ్చేది, ఆయన ఇంజనుతో ఆగకపోవడం. 1956లో తీసిన ఫొటోలో కార్లలో కూర్చుని జనం సినిమా చూస్తుంటారు. పక్కనే పొగబండి దూసుకుపోతుంటుంది. మరొక దానిలో పిల్లలు వాగులో ఈదుతుంటారు. పైన వంతెన మీద రైలు!

1960లో ఆ రైల్వేలో ఆవిరి బండ్లు ఆగిపోయాయి. 611 నంబరు ఇంజను నేటికీ భద్రంగా ఉంది. కాని ఆ రాత్రులు ఫొటోల్లోనే మిగిలాయి. అందుకే కెమేరా పట్టుకున్న కుర్రవాళ్లకు నేను చెప్పేదొకటే: బండితోపాటు, గేటు దగ్గర నిలబడ్డ మనిషిని కూడా తీయండి.